నిర్వహణ లోపం

ఆగస్టు పదకొండు. అమరిల్లో.
పెరట్లో ఏసీ పెట్టె ఒకసారి దగ్గి
ఊరుకుంది.

ఏడేళ్లుగా నెల తప్పకుండా
యాభై ఎనిమిది డాలర్లు కట్టిన ఆర్లిస్ పికెట్‌కి
పదో రోజున జవాబొచ్చింది:
"నిర్వహణ లోపం వల్ల పాడైనది.
ఒప్పందం ఆరో సెక్షను, డి క్లాజు ప్రకారం
క్లెయిమ్ తిరస్కరించడమైనది."
ఆ వేసవి ఆ ఇంట్లో
చల్లగా ఉన్నది ఆ ఒక్క కాగితమే.

రెండుసార్లు చదివింది.
కళ్లజోడు తుడుచుకుని మూడోసారి.
తిరస్కారాన్ని దాటగలిగింది గానీ
లోపం అన్న మాట దగ్గర
ఆగిపోయింది.

ఇరవై ఆరేళ్లు పసుపుపచ్చ బస్సు తోలిన మనిషి.
తెల్లారగట్ల నాలుగూ నలభైకి
టార్చిలైటు పళ్ల మధ్య కరిచిపట్టుకుని
బస్సు చుట్టూ తిరిగొచ్చేది.
టైర్లు, బ్రేకుల గాలి, అత్యవసర ద్వారం, ఎర్రదీపాలు.
మంచు కురిసినా సరే, దుమ్ము లేచి ఊరు కనపడకపోయినా సరే.
ఆమె సంతకం అయ్యాకే
యాభైమంది పిల్లలు మెట్లెక్కేవాళ్లు.
ఆమెకి
లోపమట.

మొదటి ఉత్తరం ఆ రాత్రే రాసింది.
అందులోని మాటలు బస్సులో ఏ పిల్లాడన్నా అనుంటే
లేపి తీసుకొచ్చి తన వెనక సీట్లో కూర్చోబెట్టేది.
చించేసింది.

రెండో దాంట్లో
ఆయాసం సంగతి, పింఛను సంగతి,
పైనున్న దేవుడి సంగతీ వచ్చాయి.
పొద్దున్నే చదువుకుంటే
ఎవరో ముసలమ్మ చెయ్యి చాచినట్టుంది.
చల్లకొచ్చి ముంత దాచే మనిషి కాదు నిజమే,
కానీ ఇది చల్ల అడుక్కోవడం కాదే,
ముందే డబ్బు కట్టి కొనుక్కున్న చల్లదనం.
దాన్నీ చించింది.

మూడో ఉత్తరం కోసం సొరుగు లాగింది.
ఫిల్టర్లు కొన్న రశీదులన్నీ ఉన్నాయి.
అన్నీ తెల్లగా ఉన్నాయి.
సిరా ఎండకి ఎగిరిపోయి
షాపు పేరు కూడా మిగల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది అట్టపెట్టె.
ఉద్యోగం మానేసిన రోజు
డిపోలో మిగిలిపోయిన తనిఖీ ఫారాల కట్ట
అడిగి తెచ్చుకుంది.
అలవాటు ఊరుకోనిస్తుందా.
టైర్లు అన్నచోట కొట్టేసి ఫిల్టరు అని,
బ్రేకులు అన్నచోట నీటి గొట్టం అని రాసి
ప్రతి నెలా మొదటి ఆదివారం
ఇంటి చుట్టూ తిరిగొచ్చింది.
ఇల్లు ఎక్కడికీ బయల్దేరదని తెలుసు,
అయినా సంతకం పెట్టింది.
ఎనభై నాలుగు ఫారాలు.
ఆఖరి గడిలో ప్రతిసారీ ఒకే మాట:
లోపాలు: లేవు.

చివరి ఫారం మీద, ఆగస్టు పద్నాలుగున,
మెకానిక్ వచ్చిన వేళ రెండూ పది, పోయిన వేళ రెండూ పదిహేడు.
ఏసీ మూత మీది స్క్రూలని కప్పేసి
కందిరీగలు కట్టిన గూడు
అతనొచ్చి వెళ్లాక కూడా చెక్కుచెదరలేదు.
పక్కింటి తియో బెనవిడెజ్ దానికి ఫోటో తీసిపెట్టాడు.
ఒకప్పుడు మూడో వరస కిటికీ పిల్లాడే,
ఇప్పుడు గడ్డం నెరుస్తోంది.

మూడో ఉత్తరం పదకొండు వాక్యాలు.
తేదీలు, అంకెలు, ఒక కందిరీగల గూడు.
కోపం లేదు. దేవుడు లేడు.

తర్వాత ఐదు వారాలు
తడి తువ్వాలు ఫ్యానుకి కట్టుకుని పడుకుంది.
ఫోన్ చేస్తే పియానో వాయించి
మీ కాల్ మాకు ముఖ్యం అన్నారు.

ఉత్తరపుగాలి తిరిగి
దుప్పటి తీసుకున్న వారం కవరు వచ్చింది.
కంప్రెసర్ ఇస్తారట. గ్యాసు ఖర్చు ఆమెదట.
"ప్రియమైన మిస్టర్ పికెట్ గారికి" అని మొదలైంది.

ఆర్లిస్ కొత్త ఫారం తీసింది.
తేదీ వేసింది. పెన్సిలు నాలుక మీద తడుపుకుంది.
కంపెనీ ఉత్తరం: అందినది.
లోపాలు: ఒకటి.
నేను మిస్టర్‌ని కాను.

సంతకం పెట్టి
కట్ట పైన పెట్టింది.